వెనక సీటు బరువు

ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇళ్ళల్లోవాళ్ళు పరగడుపునే చొక్కా చేతులు పైకి మడిచి, ముఖాలు గోడవైపు తిప్పుకుని కూర్చుని ఉండేవారు. ల్యాబు తరఫున ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకురావడం ఆమె పని. ఎంత సన్నటి నరమైనా ఒక్క పోటుతో దొరకబుచ్చుకునేది. "అయిపోయింది, ఇటు తిరగండి" అనేదాకా సూది దిగిన సంగతే తెలిసేది కాదు. చీమ కుట్టినంతే కదా అని ఒక ముసలాయన చీమమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది.

మొగుడు బతికున్నన్నాళ్ళూ చీమమ్మకి బండి నడపాల్సిన అవసరం పడలేదు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున్నే ఆమెని వెనక ఎక్కించుకుని ఇళ్ళన్నీ తిప్పి, ల్యాబు దగ్గర దింపి, అప్పుడు తన పనికి పోయేవాడు. ఆమె ఒళ్ళో ఐసు పెట్టె, పెట్టె మీద గడ్డం, ఎదురుగా ఆయన వీపు. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి పని దగ్గరే కుర్చీలో నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. నొప్పి అనలేదు, మంచినీళ్ళు అడగలేదు.

ఏడుస్తూ ఇంట్లో కూర్చుంటే ఇల్లు గడవదు. మరిది ఆదివారాలు వచ్చి, ఖాళీ మైదానంలో ఆయన పాత బండి మీదే ఆమెకి నేర్పాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి, మోచెయ్యి వాచింది, క్లచ్చి పట్టీ పట్టీ ఎడమచెయ్యి మొద్దుబారింది. ఎలాగైతేనేం, వచ్చింది.

ఒంటరిగా రోడ్డెక్కిన మొదటిరోజు, ఇంటి ముందు బండి స్టార్ట్ చేసి గేరు వెయ్యబోతుంటే వెనక స్ప్రింగులు కిర్రుమని కిందికి దిగాయి. మనిషి ఎక్కి కూర్చుంటే ఎలా దిగుతాయో అలాగే దిగాయి, కుడివైపు కాస్త ఎక్కువగా. ఆయన ఎక్కడ కూర్చున్నా కుడివైపుకే ఒరిగేవాడు.

మరిది పక్కనే నిలబడి చూశాడు. "అన్నయ్య కూడా వస్తున్నాడు వదినా. బ్రేకు కాస్త ముందుగా వెయ్యి" అన్నాడు.

అప్పట్నుంచి ఆయన ఏ రోజూ మానలేదు. కనిపించేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. బరువు మాత్రం ఉండేది. మలుపు తిరిగితే ఆమెతో పాటు ఒరిగేది, గుంటలో పడితే ఆమెతో పాటు ఎగిరి పడేది. పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు "వెనక టైరుకి ఇద్దరి లెక్కన కొట్టెయ్యనా అమ్మా?" అని అడిగేవాడు. ఒకసారి కూడలి దగ్గర పోలీసు ఆపి, కిందికి దిగిన స్ప్రింగుల వైపు చూసి, "వెనకాయనకి హెల్మెట్ ఏదమ్మా?" అన్నాడు.

"ఆయన పోయారండి."

"అలాగా. అయితే ఫర్వాలేదు, పదండి పదండి" అని చెయ్యి ఊపాడు.

చీమమ్మ దారి పొడుగునా ఆయనతో మాట్లాడేది. ఎవరికి చక్కెర పెరిగింది, ఎవరి కోడలు అలిగింది, ల్యాబులో ఏసీ ఎన్నిసార్లు ఆగిపోయింది, అన్నీ. ఇంటికొచ్చాక మాట్లాడ్డానికి ఏమీ మిగిలేది కాదు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు వంటగది గుమ్మంలో కాసేపు నిలబడి, తన గదిలోకి పోయేది.

ఒకరోజు పొద్దున పిల్ల అడిగింది. "అమ్మా, నన్ను కాలేజీ దగ్గర దింపేసి పోతావా?"

"ఎక్కడ కూర్చుంటావే? నాన్న ఉన్నారుగా."

కూతురు వెనక సీటు వైపు చూసింది. "అవును కదా. సరేలే, బస్సుకి పోతా" అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నెలలు గడిచేకొద్దీ ఆయన బరువెక్కసాగాడు. ఉన్నప్పుడు బక్కపలచటి మనిషే. ఇప్పుడు ఆయన ఎక్కితే వెనక మడ్‌గార్డు చక్రానికి రాసుకునేది. చదునుగా ఉన్న చోట ఎలాగోలా నెట్టుకొచ్చినా, పై కాలనీకి వెళ్ళే ఎత్తు దగ్గర పాత బండి చేతులెత్తేసేది. యాక్సిలరేటరు చివరికంటా మెలిపెట్టి, క్లచ్చి సగం పట్టుకుని, బండీ తనూ కలిసి మూలిగితే తప్ప కదిలేది కాదు. ఆ ఎత్తు మీదే ఆమె వెళ్ళాల్సిన ఇళ్ళు సగం ఉన్నాయి. అక్కడి ముసలివాళ్ళు ఏమీ తినకుండా ఎదురుచూస్తూ కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నారని ల్యాబుకి ఫోన్లు వెళ్ళాయి. ఇంకోసారి ఇలా అయితే ఆ కాలనీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

ఆ ఆదివారం మరిది వస్తే చీమమ్మ సంగతి తేల్చేసింది. "పెద్ద బండి కొంటాను."

"నేర్చుకుని ఏడాది కాలేదు వదినా."

"దీనికి జీవం లేదు. ఇద్దర్నీ లాగలేకపోతోంది."

మరిది బండి పక్కన గొంతుక్కూర్చుని వెనక స్ప్రింగులు తడిమాడు. అన్నయ్య భుజం మీద చెయ్యి వేసినట్టు సీటు మీద కాసేపు చెయ్యి ఉంచాడు. లేచి, నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఒక్క మాట చెబితే దిగుతాడు వదినా. అన్నయ్య ఎప్పుడైనా నీ మాట కాదన్నాడా?"

"ఎక్కడ దింపమంటావ్?"

మరిది చేతులు దులుపుకుని, షోరూంకి తోడొస్తానన్నాడు.

షోరూంలో బండ్లన్నీ మెరుస్తూ వరసగా నిలబడి ఉన్నాయి. అమ్మే కుర్రది చలాకీగా వచ్చి, ఆమెని మొదట గేర్లు లేని స్కూటర్ల వైపు తీసుకెళ్ళబోయింది. చీమమ్మ వెళ్ళలేదు. "ఎత్తు ఎక్కాలమ్మా. ఆగిన చోటి నుంచి లాగాలి" అంది.

"వెనక ఎవరైనా కూర్చుంటారా మేడమ్?"

"మా ఆయన. పోయారు."

"ఎన్నాళ్ళయింది?"

"ఏడాది కావస్తోంది."

కుర్రది అర్థమైనట్టు తలూపింది. "అయితే ఇంకా పెరుగుతారు. మా తాతయ్య పోయాక మా నాన్న సైకిలు రెండు రిమ్ములూ వంచేశారు" అంటూ లోపలి వరసలోకి తీసుకెళ్ళింది.

అక్కడ మూడు బండ్లు చూసింది చీమమ్మ. ఒకటి మరీ ఎత్తు, ఎక్కితే కాలి బొటనవేళ్ళు మాత్రమే నేలకి ఆనాయి. ఇంకోటి నున్నగా, ముద్దుగా ఉంది కానీ వెనక సీటు అరచెయ్యంత కూడా లేదు. మూడోది నల్లటిది, గేదెలా బలిసి ఉంది. దాన్ని స్టాండు మీంచి దించడానికే మరిది సాయం పట్టాల్సొచ్చింది. స్టార్ట్ చేస్తే ఆ దడ సీట్లోంచి పైకి పాకి పళ్ళల్లోకి వచ్చింది. వెనక సీటు వెడల్పుగా, మెత్తగా, ఎంత బరువైనా ఎక్కించుకుంటానన్నట్టు ఉంది. ఆమె ముందు తను కూర్చుని చూసుకోలేదు. వెనక కూర్చుని చూసింది, ఆయనకి ఎలా ఉంటుందోనని.

"ఇదే" అంది.

"వదినా, ఇది కొత్త చేతులకి లొంగే బండి కాదు" అన్నాడు మరిది. "ఆ పాతదానికి మెలిపెట్టినట్టు దీనికి మెలిపెట్టావా, అందులోనూ వెనక అంత బరువు పెట్టుకుని, ముందు చక్రం లేచి నీ మీదే పడుతుంది. కొన్నాళ్ళు మధ్యరకం బండి నడుపు. చెయ్యి కుదిరాక దీన్ని చూద్దాం."

"మధ్యరకం ఆయన్ని మోస్తుందా?"

"మొయ్యదు."

"మరింకేం."

నల్లబండి ఇంటికొచ్చింది. మొదటిరోజు గేరు వెయ్యబోయేముందు చీమమ్మ ఊపిరి బిగబట్టి వెనక్కి చెవి పెట్టింది. కొత్త బండి కదా, ఎక్కుతాడో లేదో. స్ప్రింగులు మెత్తగా, చప్పుడు లేకుండా దిగాయి. ఆమె తనలో తనే నవ్వుకుంది. చాలాకాలానికి నవ్విందని కిటికీలోంచి చూస్తున్న కూతురు గమనించింది.

కొద్దిరోజులు హాయిగా గడిచాయి. ఎత్తు దగ్గర ఆ బండికి ఆయాసమే లేదు. పై కాలనీ వాళ్ళు వేళకి రక్తం ఇచ్చి వేళకి తింటున్నారు. చీమమ్మ మాత్రం బండిని నమ్మీ నమ్మనట్టు, ఆపకుండా, మెల్లగా, ఒకే గేర్లో ఎక్కించేది.

ఆ రోజు ఎత్తు మధ్యలో, సరిగ్గా మలుపు దగ్గర నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ అడ్డం తిరిగింది. చీమమ్మ బ్రేకు నొక్కి రెండు కాళ్ళూ ఆనించింది. ఆయన బరువంతా బండిని కిందికి గుంజుతోంది. బండి అంగుళం అంగుళం వెనక్కి జారడం మొదలైంది. అలాంటప్పుడు ఆమె చేతులకి తెలిసింది ఒక్కటే, పాత బండి దగ్గర నేర్చుకున్నది. చివరికంటా మెలిపెట్టి క్లచ్చి వదిలేసింది.

నల్లబండి ముందు చక్రం గాల్లోకి లేచింది.

ట్యాంకరు పోయింది, రోడ్డు పోయింది, కళ్ళ ముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. చేతులు హ్యాండిలుకి వేలాడుతున్నాయి. వెనక్కి వాలిపోతున్న ఆమె వీపుకి ఆయన ఛాతీ తగిలింది. ఏడాదిలో అదే మొదటిసారి. వెచ్చగా, ఎముకలతో సహా, ఆయనదే. చీమమ్మకి భయం పోయింది. ఇలాగే వెనక్కి పడిపోయినా ఆయన మీదే కదా పడేది అనిపించింది.

అంతలో వీపు వెనక ఏమీ లేకుండా పోయింది.

బరువు దిగిపోయిన బండి ముందుకు తూగి, చక్రం దబ్బుమని రోడ్డు మీద పడింది. ఇంజను ఆగిపోయింది. ట్యాంకరు డ్రైవరు పరిగెత్తుకొచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"మా ఆయన దిగిపోయారు" అంది చీమమ్మ.

డ్రైవరు వెనక స్ప్రింగుల వైపు చూశాడు, ఎత్తు కిందికి చూశాడు. "దిగకపోతే మీరు ఉండేవాళ్ళు కాదు" అన్నాడు నెమ్మదిగా. బండిని పక్కకి తీసి నిలబెట్టి, ఐసు పెట్టె సర్ది ఇచ్చి, ట్యాంకరు తీసుకుని వెళ్ళిపోయాడు.

చీమమ్మ మళ్ళీ బండెక్కింది. బాగా ముందుకి జరిగి, వెనక చోటంతా వదిలి కూర్చుంది. స్టార్ట్ చేసి, ఎదురుచూసింది. స్ప్రింగులు కదల్లేదు. "రండి" అంది. "ఇంక అలా మెలిపెట్టను. నేర్చుకుంటాగా. రండి." ఆపి మళ్ళీ స్టార్ట్ చేసింది. బండిని తిప్పుకుని కిందిదాకా వెళ్ళి, అక్కడ ఆగి, మళ్ళీ మలుపు దాకా వచ్చింది. బండి ఎంత తేలిగ్గా ఎక్కిందంటే ఆమెకి దాని మీద అసహ్యం పుట్టింది. మలుపు దగ్గర ఇంజను ఆపేసి, ట్యాంకు మీద తల ఆనించి, గొంతు పోయేదాకా ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా ఆమె అంత ఏడవలేదు. అప్పుడు ఆయన ఎక్కడికీ పోలేదు కదా.

పై కాలనీలో రక్తం ఇవ్వడానికి ఏమీ తినకుండా కూర్చున్న ఒక సంగీతం టీచరు, చీమమ్మ ఇంటికి ఫోన్ చేసి, అమ్మ ఇంకా రాలేదేమని అడిగింది. కూతురు కాలేజీ మానేసి, బస్సు దిగి, ఎత్తంతా నడిచి వచ్చింది. మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాల్సొచ్చింది. మలుపు దగ్గర తల్లి కనిపించింది.

"నాన్న దిగిపోయారే" అంది చీమమ్మ.

పిల్ల తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఎండ పెరుగుతోంది. చివరికి తల్లే ముఖం తుడుచుకుంది.

"పద. నిన్ను ఇంటి దగ్గర దింపి వస్తా. ఎక్కు."

స్టార్ట్ చేసి, వెనక స్ప్రింగులు దిగడం కోసం చూసింది. ఏడాదిగా అలవాటైన చెవి, అలవాటైన నడుము. ఏమీ దిగలేదు.

"ఎక్కవే."

"ఎక్కానమ్మా."

"ఎక్కలేదు."

"ఎక్కాను. కూర్చున్నాను."

చీమమ్మ వెనక్కి తిరిగింది. కూతురు నిజంగానే కూర్చుని ఉంది. మెడ కింద ఎముకలు రెండూ పొడుచుకొచ్చి, పక్కన గుంటలు పడి ఉన్నాయి. చేతి గడియారం మోచేతి దాకా జారిపోయింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ చేతులు పట్టుకున్న మనిషి కూతురి చెయ్యి పట్టుకుంటే అందులో చెయ్యన్నదే లేదు.

"ఎప్పట్నుంచే?"

"నాన్న పోయినప్పట్నుంచి ముద్ద దిగట్లేదమ్మా. తిన్నా నిలవట్లేదు."

"నాకు చెప్పొద్దూ?"

"చెబుదామనే అనుకునేదాన్ని." పిల్ల కళ్ళు దించుకుంది. "నువ్వు అప్పటికే మోయలేకపోతున్నావు కదా."

ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేసి ఉంటే పిల్ల దక్కేది కాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. జబ్బు పేరు చెప్పింది, మందులు రాసింది, కోలుకోవడానికి చాలా నెలలు పడుతుందంది. అదంతా తర్వాతి మాట. అప్పటికి చీమమ్మకి తెలిసింది ఒకటే, ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి పోవాలని.

సంగీతం టీచరుకి ఫోన్ చేసి, ఇవాళ రాలేనమ్మా, మీరు తినెయ్యండి అని చెప్పింది. బండి కిందివైపుకి తిప్పింది. అంత పెద్ద బండిని మొదటి గేర్లో, నడకకన్నా మెల్లగా దించసాగింది. వెనక ఎవరూ లేనట్టే ఉంది. గాలి గట్టిగా వీస్తే పిల్ల ఎగిరిపోతుందేమో, పోయినా తనకి తెలియదేమో. పది గజాలకోసారి ఆమె వెనక్కి తల తిప్పకుండానే అడుగుతోంది.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"ఉన్నావా?"

"ఉన్నాను."