మూడు గుండీల కోటు

శనివారం పొద్దున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో నరసింహం అంకుల్ గారి గృహప్రవేశం, సాయంత్రం డెట్రాయిట్‌లో పాటల క్లబ్బు. మధ్యలో ఇంటికొచ్చి బట్టలు మార్చుకునే టైము లేదు కాబట్టి రెండింటికీ ఒకటే సూటు సరిపోవాలి. గోపాల్ పైకి చెప్పిన కారణం ఇదే. అసలు సంగతి ఏమిటంటే, ఆ కోటు తొడుక్కుని ఒక్కసారి అమ్మ కళ్ళెదుట తిరిగి, పట్టుబడకుండా బయటపడితే చాలు, ఇక దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు దర్జాగా వేసుకోవచ్చని అతని ఎత్తు.

ఎందుకంటే ఆ సూటు వాళ్ళ నాన్నది.

డాక్టర్ వెంకటేశ్వర్లు గారు అరవై ఆరులో అమెరికా బయల్దేరుతూ మద్రాసు మౌంట్ రోడ్డులో కొలతలిచ్చి కుట్టించుకున్నారు. సన్న కాలరు, మూడు గుండీలు, కోటుకి వెనక రెండు చీలికలు, చీలమండల దగ్గరే ఆగిపోయే గొట్టం ప్యాంటు. వచ్చిన నాలుగేళ్ళకి ఆయనకి పొట్టొచ్చింది, లోకానికి ఏనుగు చెవులంత కాలర్లొచ్చాయి, సూటు పెట్టె అడుక్కి పోయింది. ఇప్పుడు ఎనభై రెండులో గోపాల్ ఈడు కుర్రాళ్ళకి ఆ పాత చింతకాయ పచ్చడే పరమాన్నమైంది. ఇంగ్లండులో అప్పటి కుర్రాళ్ళ ఫ్యాషనట, పేరు మాడ్ అట, స్కూటర్ల నిండా అద్దాలు బిగించుకుని తిరిగేవాళ్ళట. డాక్టరు గారు బతికుండగా ఆ పేరు విన్న పాపాన పోలేదు.

ఆయన పోయి రెండేళ్ళయింది. కర్మకాండలు అవగానే జానకీదేవి భర్త బట్టలన్నీ తనే మడతపెట్టి సంచుల్లో వేసింది. "పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదు నాన్నా, వాటి కోసం వాళ్ళు వెనక్కి చూస్తారు," అంది. ఆ సంచులు చర్చి వాళ్ళ పాతబట్టల కొట్లో ఇచ్చొచ్చింది గోపాలే. ఈ వేసవిలో డేవ్ అనే స్నేహితుడితో మాడ్ కోట్లు వెతుక్కుంటూ అదే కొట్టుకి వెళితే, వరసలో ఒక కోటు దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. లోపల మద్రాసు టైలరు చీటీ, అదే హ్యాంగరుకి గొట్టం ప్యాంటు ఉన్నాయి. అక్కడే నిలబడి మొహం దాంట్లో పెట్టుకున్నాడు. కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అయినా వదల్లేకపోయాడు.

అమ్మకి చెబితే ఏడుస్తుంది, లేదా మళ్ళీ సంచిలో వేసేస్తుంది. అందుకని చీటీ ఊడదీశాడు. తేనెరంగు గుండీలు కత్తిరించి నల్లవి వేయించాడు, పాతవి కార్లో దాచాడు. "మాల్‌లో కొన్నానమ్మా," అన్నాడు.

ఇంకో గండం పసుపుతో ఉంది. వాళ్ళింట్లో కొత్త బట్టకి కాలరు వెనక తడి పసుపు అద్దకుండా ఎవరూ తొడుక్కోరు. ఒక్క డాక్టరు గారికే మినహాయింపు. ఓసారి హాస్పిటల్లో నర్సు ఒకామె ఆ మరక చూసి, సాండ్‌విచ్‌లో ఆవపిండి ముద్ద అంటుకుందనుకుని పాపం తడిగుడ్డతో తుడిచేసింది. అప్పట్నించీ ఆయన కోట్లకి మాత్రం ఛాతీ మీద తిరగబడే ఎడమ లాపెల్ మడత కింద, ఎవరికీ కనపడకుండా పెట్టేది జానకీదేవి. ఆయన పోయాక అసలు పసుపు ముట్టడమే మానేసింది. "నా చెయ్యి మంచిది కాదు," అనేది. గోపాల్ ఎంత పోట్లాడినా వినలేదు. తల్లి అలా అన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండేది. ఇంట్లోకి కొత్త బట్ట ఏదొచ్చినా నరసింహం గారి భార్య వసుమతి ఆంటీ దగ్గరికి పంపడం ఆనవాయితీ అయింది. పుట్టినరోజుకి కొన్న చొక్కా ఒకటి అలా పంపడానికి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. కోటు కూడా అలా ఆవిడ చేతికెళితే నాన్నదని పోల్చేస్తుందని గోపాల్ భయం.

"కోటు ఆంటీకి పంపొద్దా?" అంది జానకీదేవి శనివారం పొద్దున.

"వాళ్ళింట్లో ఇవాళ ఫంక్షన్ కదమ్మా, ఆంటీని ఎందుకు బాదర్ చెయ్యడం?" అన్నాడు గోపాల్.

"సరేలే. నువ్వు స్నానానికెళ్ళు. ఇస్త్రీ చేసి పెడతాను."

గృహప్రవేశంలో పాలు పొంగాయి, హోమం పొగకి అలారం కుయ్యోమంది, మగవాళ్ళంతా అట్టముక్కలతో దానికి విసిరారు. ఆ హడావుడి అయ్యాక అందరి కళ్ళూ గోపాల్ ప్యాంటు మీద పడ్డాయి. "ఏరా, ఉతికితే కురచైపోయిందా?" అన్నాడొకాయన. బూట్లు గుమ్మం బయట విడిచి వచ్చాడేమో, తెల్ల మేజోళ్ళు పిక్కల దాకా కనిపిస్తున్నాయి.

నరసింహం గారు పులిహోర నములుతూ తేరిపార చూశారు. "ఒరేయ్, అచ్చం ఇట్లాంటి కోటు మీ నాన్నకుండేది. ఆయన ఫ్లైట్ దిగినప్పుడు నేనే వెళ్ళి పికప్ చేశా. ఇదే రంగు!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గోపాల్ చెయ్యి కోటు మీదికి పోయింది. జానకీదేవి అక్కడే వడ్డిస్తోంది. ఆమె గరిటె ఆగలేదు. "ఇప్పుడన్నీ మళ్ళీ అవే వస్తున్నాయిట అన్నయ్యగారూ," అని ఆయనకి ఇంకో గరిటె పులిహోర వేసి పక్క వరసకి వెళ్ళిపోయింది.

గండం గడిచింది. గడిచిన కాసేపటికి గోపాల్‌కి కోపమొచ్చింది. ఎన్నేళ్ళు బ్రష్ చేసిన కోటు! రెండేళ్ళకే మర్చిపోయిందా? పట్టుబడనందుకు సంతోషించాల్సినవాడు పట్టుకోనందుకు బాధపడ్డాడు.

సాయంత్రం వసుమతి ఆంటీ కూతురు శశికళ కూడా వెంట వచ్చింది. ఆన్ ఆర్బర్‌లో కెమిస్ట్రీ చదువుతోంది. క్లబ్బులో డేవ్ అప్పటికే వచ్చి ఉన్నాడు. గోపాల్ కోటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దాని కుట్టు చూసి ఈర్ష్య దాచుకోలేకపోయాడు. జేబులోంచి గుండ్రటి బాడ్జి తీసి, పెట్టుకోమని ఇచ్చాడు. మాడ్‌లకి అది బొట్టు లాంటిది, లేకపోతే వేషం పూర్తి కాదు.

డాన్స్ చేసే చోట ఊదారంగు బల్బులున్నాయి. వాటి కింద తెల్ల చొక్కాలూ పళ్ళూ మెరుస్తున్నాయి. పిన్ను గుచ్చడానికి గోపాల్ ఎడమ లాపెల్ తిరగేశాడు. మడత కింద వేలిముద్రంత మచ్చ, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో వెలుగుతోంది.

పెయింటేమో అనుకున్నాడు. శశికళ వంగి చూసి వాసన కూడా పీల్చింది.

"హే, ఇది పసుపు! ఈ లైట్లో గ్లో అవుతుంది. ల్యాబ్‌లో చూశాను నేను."

"మీ అమ్మ పెట్టిందా?"

"మా మమ్మీనా? నీ కోట్ మా ఇంటికి రాలేదు కదా. మమ్మీ మార్నింగ్ నించీ కిచెన్‌లోనే ఉంది."

గోపాల్ గోడవారన ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. కాలరు వెనక కాదు, ఎడమ లాపెల్ కింద. చీటీ ఊడదీసినప్పుడు అక్కడ ఏ మచ్చా లేదు. ఆ చోటు ఇస్త్రీ చేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలీదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తను వారం రోజులుగా నాటకమాడుతుంటే, అమ్మ చూస్తూనే ఉంది. చూస్తూనే పసుపు డబ్బా మూత తీసింది. అంత గోలలో అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. శశికళ పక్కకొచ్చి నిలబడింది.

బాడ్జి కుడివైపు పెట్టుకున్నాడు. అటువైపు ఎవరూ పెట్టుకోరని డేవ్ సణిగాడు.

ఆదివారం పొద్దున్న జానకీదేవి కాఫీ తెచ్చేసరికి కోటు కుర్చీకి తగిలించి ఉంది.

"అమ్మా, ఈ కోటు..."

"పాత గుండీలు పారేశావా?"

"లేదు. కార్లో ఉన్నాయి."

"పట్రా. ఈ నల్లవి దానికి బొత్తిగా నప్పలేదు. నిన్న అంతమందిలో అవి చూస్తుంటే నాకెంత కోపమొచ్చిందో తెలుసా?"

"ఇంట్లో ఉంచకూడదన్నావుగా?"

"అన్నాను. పంపించేశాను కూడా. అయినా వచ్చిందిగా." ఆమె కోటు చేతిలోకి తీసుకుని భుజాల దగ్గర దులిపింది. "నీకు సరిగ్గా సరిపోయింది. ఆయనకి ఆ భుజాలే బావుండేవి."

"మరి నీ చెయ్యి మంచిది కాదని..."

"ఆయన కోటుకి నేను కాక ఎవరు పెడతార్రా?" అంది కసురుకున్నట్టు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

గోపాల్ కారు దగ్గరికెళ్ళి గుండీలు తెచ్చాడు. వస్తూ వస్తూ గదిలోంచి పుట్టినరోజు చొక్కా అట్టపెట్టె కూడా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. జానకీదేవి దాన్నీ, కొడుకునీ మార్చి మార్చి చూసింది. వసుమతి ఆంటీ పేరు నోటిదాకా వచ్చినట్టే ఉంది. లేచి వంటింట్లోకి వెళ్ళి వేలు తడుపుకుని వచ్చింది.

"దీనికి లోపలెందుకు, ఇది నీది," అని చొక్కా కాలరు తిప్పి పసుపు అద్దింది. తర్వాత సూది అతని చేతికిచ్చి దారం ఎక్కించమంది.