ఆడవాళ్ళ వైపు

సొన్నమ్మ బొటనవేలితో ఆకుపచ్చ ముఖం మీద నొక్కింది. గోడకు బిగించిన ఆ చిన్న పెట్టె కీచుమని, తెర మీద కన్నడంలో ధన్యవాదాలు చెప్పింది. ఉదయం ఏడయింది. ఆ రోజుకు అది నాలుగో నొక్కుడు. అప్పటిదాకా వచ్చి పోయినవాళ్ళు ముగ్గురు మగవాళ్ళు. వాళ్ళెవరూ పెట్టె వైపు చూడనైనా లేదు.

బెంగళూరు చివర వర్తూరు బస్‌స్టాపు పక్కనున్న ఆ పబ్లిక్ టాయిలెట్‌కు ఆమె ఆరేళ్ళుగా కాపలా మనిషి. ఊడ్చేదీ కడిగేదీ కూడా ఆమే. పెట్టె మాత్రం ఆర్నెల్ల కిందట వచ్చింది. దాని మీద మూడు ముఖాలు: నవ్వేది ఆకుపచ్చ, మూతి బిగించినది పసుపు, ఏడ్చేది ఎరుపు. వాడుకున్నవాళ్ళు శుభ్రంగా ఉందో లేదో చెప్పాలని పైవాళ్ళు పెట్టించారు. ఎవరేది నొక్కినా ఎక్కడో ఆఫీసులో కంప్యూటర్ మీద కనిపిస్తుందట. మొదటి వారం ఎర్రవే ఎక్కువ పడ్డాయి. రెండో వారం కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజర్ అమరనాథ్ వచ్చి ఆమెకు పద్ధతి నేర్పాడు.

"గంటకి ఆరు పచ్చవి ఒత్తు. అన్నీ ఒకేసారి ఒత్తితే కనుక్కుంటారు, ఎడం ఇచ్చి ఒత్తల్ల. దినానికి రెండు పసుపు కూడా పడల్ల. లేకుంటే నమ్మరు."

"ఎర్రది?"

"దాని జోలికి పోవద్దు."

అప్పటి నుంచి ఎవరైనా విసుగ్గా ఎర్రదాని వైపు చెయ్యి చాపితే సొన్నమ్మ చీపురు పట్టుకుని అడ్డం వచ్చేది, నేల తుడుస్తున్నట్టు.

ఆమెకు యాభై ఏడేళ్ళు. చీర మీద కంపెనీ పేరున్న నీలం కోటు వేసుకుంటుంది. మోకాళ్ళు వాచి, పడవలో నిలబడ్డ మనిషిలా అటూ ఇటూ ఊగుతూ నడుస్తుంది. బ్లీచింగ్ పౌడరుకు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయాయి, గోళ్ళ పక్కన చీలికలు. అన్నం కలిపేటప్పుడు కారం తగిలి మండుతాయని ఆమె మధ్యాహ్నం పెరుగన్నమే తెచ్చుకుంటుంది.

ఆడవాళ్ళ వైపు మూడు గదులు. అక్కడి మోటారు కాలిపోయి ఎనిమిది నెలలయింది. మగవాళ్ళ వైపు ట్యాంకులో వారానికి రెండుసార్లు ట్యాంకరు నీళ్ళు పోస్తుంది. ఈ వైపు ట్యాంకుకు పైపు అందదని పోయరు. తలుపుకు తాళం, తాళం పైన 'రిపేరు' అని చీటీ. ఆఫీసు లెక్కలో మాత్రం ఆ వైపు రోజూ తెరిచే ఉంది.

తాళంచెవి సొన్నమ్మ మొలతాడుకు కట్టుకుంటుంది. ఒక్క మనిషి కోసం మాత్రం ఆ తలుపు తీస్తుంది. మగవాళ్ళ వైపు నుంచి సగం బకెట్ నీళ్ళు మోసుకొచ్చి పెట్టి, ఆ మనిషి బయటికి వచ్చేదాకా వాకిట్లో నిలబడుతుంది. ఆ మనిషి మునివెంకటమ్మ. రోడ్డుకు అవతల పేవ్‌మెంటు మీద ఆకుకూరలు అమ్ముతుంది. అరవై దాటింది, షుగరు. పొద్దున ఎనిమిదిన్నరకొకసారి, పదకొండుకొకసారి, మళ్ళీ ఇంటికి పోయే ముందు.

ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అమ్మేవాళ్ళు. అంతకుముందు సొన్నమ్మ పదకొండేళ్ళు గార్మెంట్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. అక్కడ ముప్పై మంది ఆడవాళ్ళకు ఒకే టోకెన్. అది చేతిలో ఉంటేనే టాయిలెట్‌కు వెళ్ళాలి. ఆ పదకొండేళ్ళలో ఆమె పగటిపూట నీళ్ళు తాగడం మానేసింది. మొగుడు పోయి, ఫ్యాక్టరీ మూతపడి, మునివెంకటమ్మ పక్కన కొత్తిమీర కట్టలతో కూర్చున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. పోవడానికి చోటూ లేదు. చెరువు గట్టున పొలాలున్న రోజుల్లో చాటుండేది. ఆ పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి.

ఏడేళ్ళ కిందట బడి మైదానంలో షామియానా వేసి, అధికారులు కుర్చీల్లో కూర్చుని, వార్డుకు ఏం కావాలో జనాన్నే చెప్పమన్నారు. మగవాళ్ళు రోడ్డడిగారు, లైట్లడిగారు, కెమెరాలడిగారు. వెనక నుంచి మునివెంకటమ్మ లేచి నిలబడింది.

"తెల్లారక ముందే వచ్చి కూచుంటాము సామీ. మధ్యాన్నం దాకా నీళ్ళు తాగము. తాగితే యాడికి పోవల్ల?"

చాలామంది నవ్వారు. నవ్వని అధికారి ఒకాయన తల వంచి రాసుకున్నాడు. ఏడాదికి కట్టడం లేచింది. కాపలాకు మనిషి కావాలని కంపెనీ వాళ్ళు వచ్చినప్పుడు, "ఈ యమ్మికియ్యండి, మోకాళ్ళు బాగలేవు, నేల మీద కూచోలేదు," అని చెప్పింది కూడా మునివెంకటమ్మే.

ఈ రోజు తనిఖీ ఉంది. నగరాలకు శుభ్రతలో మార్కులు వేసే సర్వే వాళ్ళు వస్తారు. నిన్న సాయంత్రం ఐదుగురు మనుషులు దిగి ఆడవాళ్ళ వైపు యాసిడ్ పోసి రుద్దారు. అందని పైపు నిన్న అందింది, ట్యాంకు నిండింది. అద్దం బిగించారు, సబ్బు సీసా పెట్టారు, కొత్త బకెట్లు, మగ్గులు పెట్టారు. చీటీ చించేశారు. వెళ్తూ అమరనాథ్ తాళం వేయించాడు.

"పదిన్నరకి వస్తారు. అంతదాకా ఆ పక్క ఎవర్నీ వదలద్దు సొన్నమ్మా. ఒక్క మరక కనపడినా నీ పని పోతాది, నాది కూడా."

ఎనిమిదిన్నరకు మునివెంకటమ్మ రోడ్డు దాటి వచ్చింది. సొన్నమ్మ తాళంచెవి మీద చెయ్యి పెట్టలేదు.

"అక్కా, ఈ దినం స్వల్ప ఓర్చుకో. చెకింగోళ్ళు వస్తా ఉండారు. వాళ్ళు పోతానే తెరుస్తా."

"రానీలే," అంది మునివెంకటమ్మ నవ్వుతూ. "మనం అడిగి కట్టించుకునిందే కదా. బాగా చూపీ."

పదిన్నరకు ఎవరూ రాలేదు. సొన్నమ్మ రెండు పచ్చవి, ఒక పసుపు నొక్కింది. పదకొండుకు మునివెంకటమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వలేదు.

"ఇంగా రాలేదా?"

"బండెక్కినారంట. మగోళ్ళ పక్క పోతావా అక్కా? నేను వాకిట నిలబడతా."

మునివెంకటమ్మ అటు చూసింది. లోపల నలుగురు ఆటోడ్రైవర్లు గోడకు తిరిగి నిలబడి ఉన్నారు. ఆమె వెనక్కి తిరిగి రోడ్డు దాటింది. పక్క హోటల్లో అడగమని సొన్నమ్మ చెప్పలేదు. వాళ్ళు రానివ్వరని ఇద్దరికీ తెలుసు.

మునివెంకటమ్మకు తలుపు తీసి, ఆమె బయటికి వచ్చాక మళ్ళీ కడిగేస్తే సరిపోతుంది. ఐదు నిమిషాల పని. సొన్నమ్మకు అది తోచకపోలేదు. తోచింది, రెండుసార్లు తలుపు దాకా వెళ్ళింది కూడా. ఆరిపోయిన తెల్లటి నేల మీద తడి కాళ్ళ గుర్తులు ఆరకముందే వాళ్ళు వస్తే? కూచుని లేవలేని మనిషికి ఇంకో పని ఎవరిస్తారు? ఆమె తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది. పది నిమిషాలయిందని గుర్తొచ్చి లేచి పచ్చది నొక్కింది.

పన్నెండూ ఇరవైకి మునివెంకటమ్మ మూడోసారి రోడ్డు దాటింది. చిన్న చిన్న అడుగులు వేస్తోంది. కుడిచేత్తో కుచ్చిళ్ళు గట్టిగా పట్టుకుని ఉంది. పెదవుల చుట్టూ చెమట.

"సొన్నీ, నాకు అయ్యేట్లు లేదు."

సొన్నమ్మ వేళ్ళు మొలతాడు మీదికి వెళ్ళాయి. ముడి విప్పుతూ ఉండగానే తెల్లకారు వచ్చి ఆగింది. వెనకే అమరనాథ్ బైకు. ఆగీ ఆగకముందే అతను దూకి పరుగెత్తుకొచ్చాడు.

"బీగం తీ, బీగం తీ! నువ్వు అట్ల పోమ్మా, పెద్దోళ్ళు వచ్చినారు."

మునివెంకటమ్మ పక్కకు జరిగింది. సొన్నమ్మ తలుపు తీసింది. కారులోంచి దిగిన అమ్మాయి లోపలికి నడిచింది.

ఆ అమ్మాయి పేరు కిరణ్మయి అని మెడలో కార్డు చెబుతోంది. పాతికేళ్ళుంటాయి, చేతిలో ట్యాబ్. అమరనాథ్ సొన్నమ్మతో మాట్లాడిన మాటలు విని ఆమె ముఖం వెలిగింది.

"తెలుగువాళ్ళా ఆంటీ? హమ్మయ్య, పొద్దున్నుంచీ వచ్చీ రాని కన్నడతో మేనేజ్ చేస్తున్నా. చాలా నీట్‌గా మెయింటైన్ చేస్తున్నారండీ." కుళాయి తిప్పి నీళ్ళు చూసింది. అద్దాన్ని, సబ్బు సీసాను ఫోటో తీసుకుంది. "లేడీస్ డైలీ వాడతారా?"

"వాడతారమ్మా," అంది సొన్నమ్మ.

"ఒక లేడీ యూజర్ ఫీడ్‌బ్యాక్ కూడా తీసుకోవాలి. ఎవరైనా ఉన్నారా?"

అమరనాథ్ బయటికి వచ్చి చుట్టూ చూసి రోడ్డు అవతలికి వేలు చూపించాడు. "ఆకుకూరలు అమ్ముతాదే, ఆ సొప్పమ్మే ఉండాది మేడం. దినమూ వస్తాది."

సొన్నమ్మ అటు తిరిగింది. మునివెంకటమ్మ తన ఆకుకూరల వెనక నిలబడి ఉంది. కూరల మీద చల్లే నీళ్ళ చెంబు రెండు చేతులా ఎత్తి, నడుము దగ్గర నుంచి కిందికి తన చీర మీదే పోసుకుంటోంది. తొందర లేకుండా, ఎక్కడా పొడి మిగలకుండా పోసుకుంటోంది. చీర కాళ్ళకు అంటుకుపోయింది. కొత్తిమీర కట్టలు తడిసి ముద్దయ్యాయి.

"ఏమవ్వా, సొప్పుకి పొయ్యాల్సింది నీకే పోసుకుంటా ఉండావు?" అని బస్సు కోసం నిలబడ్డ ఒకతను నవ్వాడు.

"చెయ్యి జారిందప్పా," అని ఆమె కూడా నవ్వింది.

చెయ్యి జారలేదు. సొన్నమ్మకు అర్థమయింది. ఆ రోడ్డు మీద ఆమెకొక్కదానికే అర్థమయింది.

అమరనాథ్ పిలిచాడు. మునివెంకటమ్మ వచ్చింది. వెనకాల రోడ్డు మీద తడి అడుగులు పడుతున్నాయి.

"అయ్యో, నీళ్ళు ఒలికాయా అమ్మా?" అంది కిరణ్మయి. "ఒక్క నిమిషం. ఈ టాయిలెట్ మీరు డైలీ వాడతారా? క్లీన్‌గా ఉంటుందా?"

మునివెంకటమ్మ సొన్నమ్మ ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలా రోజులు సొన్నమ్మ అనుకుంది.

"బాగుండాదమ్మా. ఈ యమ్మి బాగా చూసుకుంటాది."

"సూపర్. అయితే ఆ మెషీన్‌లో ఒకటి నొక్కండమ్మా."

పెట్టె ముందు నిలబడి మునివెంకటమ్మ మూడు ముఖాలనూ మార్చి మార్చి చూసింది. వేలు గాల్లో ఆగింది.

"ఏదొత్తేది సొన్నీ?"

అందరూ సొన్నమ్మ వైపు చూశారు.

"పచ్చది అక్కా," అంది.

పెట్టె కీచుమంది. అది వచ్చాక తను కాక ఇంకో ఆడమనిషి దాన్ని నొక్కడం సొన్నమ్మ చూడటం అదే మొదటిసారి.

కారు వెళ్ళిపోయింది. అద్దమూ సబ్బు సీసా ఊడదీయించి బైకు మీద పెట్టుకుంటూ, ఇవి సాయంత్రం ఇంకో టాయిలెట్‌లో కావాలని అమరనాథ్ చెప్పాడు. "గెలిచినాము పో. ఇంగ బీగం వేసెయ్," అని కిక్కు కొట్టాడు.

సొన్నమ్మ తాళం వెయ్యలేదు. ఊగుతూ రోడ్డు దాటింది. మునివెంకటమ్మ మిగిలిన కట్టలు గంపలో సర్దుతోంది. సగం కూడా అమ్ముడుపోలేదు.

"అక్కా, లోపలికి రా. నీళ్ళుండాయి, కాళ్ళు కడుక్కుందువు."

"ఇంగేంటికిలే సొన్నీ."

"అక్కా, నేను..."

"నీ పని నిలబడింది కదా. పో, ఎవరో వచ్చినట్టుండారు చూడు."

ఆమె ఇంటికి పోయే బస్సు వచ్చి ఆగింది. మునివెంకటమ్మ ఎక్కలేదు. ఆ చీరతో సీట్లో కూర్చోలేదని సొన్నమ్మకు తెలుసు. బస్సు కదిలాక ఆమె గంప నెత్తికెత్తుకుని, రోడ్డు వారగా, చెరువు వైపు ఇంటిదారి పట్టి నడిచింది. గంప ఎత్తేటప్పుడు సొన్నమ్మ సాయం పట్టడానికి చెయ్యి చాపింది గానీ ఆ చెయ్యి గంపను తాకలేదు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ట్యాంకులో నీళ్ళున్న మూడు రోజులూ సొన్నమ్మ ఆడవాళ్ళ వైపు తలుపు తెరిచే ఉంచింది. అమరనాథ్ ఫోన్ చేసి అడిగితే వేశానని అబద్ధం చెప్పింది. కాలేజీ పిల్లలు వచ్చారు, ఒక నిండు చూలాలు వచ్చింది. నాలుగో రోజు కుళాయి గుర్రుమని ఆగిపోయింది.

టీ బంకు చెన్నరాయప్ప ఆ సాయంత్రం చెప్పాడు, మునివెంకటమ్మ మూడు స్టాపుల అవతల కూర్చుంటోందని.

"ఆడ టాయిలెట్ ఉండాదా?" అని అడిగింది సొన్నమ్మ.

"యాడిది? ఖాళీ సైటు కూడా లేదు."

మూడు స్టాపులంటే బస్సులో పదిహేను నిమిషాలు. ఆదివారం పోయి పిలుచుకు రావాలనుకుంది. ఆదివారం వచ్చింది. మోకాళ్ళు నొస్తున్నాయని చాప మీద గోడకు తిరిగి పడుకుంది. మోకాళ్ళు రోజూ నొచ్చేటంతే నొస్తున్నాయి.

ఆ రోజు గంప ఎత్తుకునేటప్పుడు మునివెంకటమ్మ కూరల కింద పరిచిన గోనెపట్టా మరిచిపోయిందో, తడిసిందని వదిలేసిందో, పేవ్‌మెంటు మీదే ఉండిపోయింది. సొన్నమ్మ దాన్ని తెచ్చి, సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి, ఆడవాళ్ళ వైపు నడిమి గది తలుపు మీద ఆరేసింది. ఇప్పుడది ఎండి అట్టలా బిగుసుకుపోయింది. దాని నేతలో ఇరుక్కుని, ఉతికినా పోని రెండు మెంతాకులు నల్లబడి ఉన్నాయి.