అందరికంటే చివర దిగాల్సిన చక్రం

వేగం తగ్గించాలి. రెక్కల వెనక పలకలు, అదే ఫ్లాప్స్, దించాలి. చూపు రన్‌వే చివర నిలపాలి. నేల దగ్గరపడగానే ముక్కు కాస్త పైకెత్తాలి. వెనక చక్రాలు రెండూ ముందు తాకాలి. ఆ తర్వాతే, మెల్లగా, నేను. చేయాల్సింది ఇంతే. కానీ చేసేవాళ్లేరీ?

నేను ఒక చిన్న శిక్షణ విమానం ముక్కు కింద ఉండే చక్రాన్ని. మనుషులు అన్నిటా ముందుండాలని పోటీ పడతారు. చివర రావాలని ఆశపడేది నేనొక్కదాన్నే. ఫ్యాక్టరీలో కాగే అచ్చులోంచి నిగనిగలాడుతూ బయటపడి, నేరుగా ఈ శిక్షణ స్కూలుకొచ్చాను. మొదట ఒక ఇంజినీరింగ్ పట్టా కుర్రాడు. గాలి రెక్కను ఎలా లేపుతుందో గంటసేపు చెప్పేవాడు, నన్ను మాత్రం బండరాయిలా పడేసేవాడు. తర్వాతి అమ్మాయి నేల కనబడగానే కళ్లు మూసుకునేది.

ఆ తర్వాత విజయనగరం నుంచి పైడిరాజు వచ్చాడు. ఆటో డ్రైవరు కొడుకు, స్కాలర్‌షిప్ సీటు. ఆకాశంలో పక్షే! దిగేటప్పుడే ముక్కు నేలకేసి పొడిచేవాడు. పక్క సీట్లో నేర్పే ఫిలోమినా మేడమ్ నడుంనొప్పికి కట్టే బెల్టు బిగించుకుని, దెబ్బ తగిలిన ప్రతిసారీ "ఊఁ, మళ్లీ పైకి పద" అనేది. చివరికి స్కూలు పెద్దసారు తేల్చేశారు: రేపు కూడా ఇలాగే దిగితే సీటు పోయినట్టే.

ఆ సాయంత్రం నా పక్కనే నిలబడి మేడమ్ అడిగింది. "ఒరేయ్, దిగేటప్పుడు కళ్లెక్కడ పెడుతున్నావ్?"

"సక్రం ముందే మేడమ్."

"చక్రం ముందా!"

"మా నాన్న అలాగే నేర్పినాడండి. మా ఊరి రోడ్డు మీద గొయ్యి సూసుకోకపోతే ఆటో బోల్తా కొట్టేస్తాదండి!"

మేడమ్ నవ్వాపుకోలేక నడుం పట్టుకుంది. "ఇక్కడ గోతుల్లేవురా. నువ్వు దిగితేనే పడేలా ఉన్నాయి!"

మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన వాళ్ల నెత్తిన నీళ్లు కుమ్మరించడం మా దగ్గర ఆనవాయితీ. తెల్లారేసరికి ఆ నీళ్ల డ్రమ్ము, ఎర్రది, రన్‌వే చివర కంచె అవతల కనిపించింది. "నీ నీళ్లు అక్కడున్నాయి. దాన్నే చూడు" అంది మేడమ్. ఆమె పక్కనుండగా ఒకసారి చక్కగానే దింపాడు. విమానం ఆగగానే ఆమె తలుపు తీసి దిగిపోయింది. "ఇక నువ్వే."

పక్క సీటు ఖాళీ! విమానం తేలిగ్గా లేచింది. ఒక చుట్టు తిరిగి దిగుతుంటే ఎదురుగాలి ఒక్క తోపు తోసింది. ఠప్! వెనక చక్రాలు తాకి ఎగిరిపడ్డాయి. అతని చూపు పాత అలవాటుగా కిందికి జారింది. ముక్కు వంగింది. నేల నా మీదికే వచ్చేస్తోంది!

"డ్రమ్ము చూడరా!" రేడియోలో మేడమ్ కేక.

తల లేచింది. ఇంజిను గర్జించింది. మళ్లీ పైకి! రెండోసారి ముక్కెత్తి, ఆ ఎర్ర చుక్కనే చూస్తూ వచ్చాడు. కుయ్... కుయ్... వెనక చక్రాలు. నేను ఇంకా గాల్లోనే! ఇంకా... ఇంకా... అప్పుడు తాకాను, పసిబిడ్డ పాదంలా. పుట్టాక నాకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు.

తడిసి ముద్దయిన పైడిరాజు "ఎలాగుంది మేడమ్?" అన్నాడు.

"నా నడుముకు తెలియలేదు. అంటే బావుందన్నమాటే!"

ఇప్పుడు నేను అరిగిపోయి, షెడ్డు తలుపు కొట్టుకోకుండా ఆనించిన పాత టైరుని. పైడిరాజు పెద్ద విమానాలు నడుపుతున్నాడట. మేడమ్ ఇంకా బెల్టు బిగించుకుని ఎవరో కొత్తవాళ్ల పక్కన కూర్చుంటూనే ఉంది. మీరెప్పుడైనా విమానంలో వెళ్తూ, నేల తాకిందో లేదో కూడా తెలియకుండా దిగితే, బ్యాగు కోసం లేచేముందు ఫిలోమినా మేడమ్‌ని ఒక్కసారి తలచుకోండి. మీకు తగలాల్సిన దెబ్బలన్నీ ఆమె ముందే తినేసింది.