కింది నుంచి కోత

ఆ పరిశోధనశాల డైరెక్టరును వెనకాల అందరూ మైకు సారు అనేవాళ్లు. మైకు కనిపిస్తే చాలు, కాని పని కూడా అయిపోయినట్టే చెప్పగల నోరు ఆయనది. మూర్ఛరోగం మందు మీద పనిచేస్తున్న ఆవిడకు అంత నోరు లేదు. చూసింది చూసినట్టు చెప్పే మనిషి. ఆమె మందు పనిచేసింది ఎలుకల్లో. అదీ అన్నింట్లో కాదు, పడుచు మగ ఎలుకల్లో.

నిధుల గడువు దగ్గర పడింది. డబ్బిచ్చే సంఘం వాళ్లు పేపర్లో వార్త చూస్తారే గాని ప్రయోగాల పట్టికలు చూడరని మైకు సారు నమ్మకం. అందుకే పత్రికలకు పంపే ప్రకటన దగ్గరుండి రాయించాడు. మొదటి వాక్యంలో ఉండాల్సిన ఎలుకలు చిట్టచివరి పేరాకు పోయాయి. ఆమె ఒప్పుకోనంది. నిధులు ఆగితే మీ కింద పనిచేసే ఇద్దరూ రోడ్డున పడతారని ఆయన మెత్తగా గుర్తుచేశాడు. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమన్నాడు. ఆమె చూపించలేకపోయింది. చివర్లోనైనా ఎలుకలు ఉన్నాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకుని సరేనంది.

పత్రికల్లో చోటు చాలకపోతే కోత కింది నుంచే పడుతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. మైకు సారుకు బాగా తెలుసు.

మర్నాడు "మూర్ఛకు ఇక సెలవు" అని ఆమె ఫొటోతో సహా అచ్చయింది. ఎలుకలు ఉండాల్సిన చోట పరుపుల ప్రకటన ఉంది. నిధుల సంఘం అభినందనలు పంపింది. సవరణ వెయ్యమని ఆమె పేపరువాళ్లను అడిగితే, చూస్తామని చెప్పి ఫోన్ పెట్టేశారు.

వారం తిరక్కుండానే గేటు దగ్గర జనం చేరడం మొదలైంది. బిడ్డల్ని చంకనేసుకున్న తల్లులు, మందుచీటీలు పట్టుకున్న ముసలివాళ్లు. ఎవరూ గొడవ చెయ్యలేదు. ఊరికే నిలబడి ఆమె కిటికీ వంక చూసేవాళ్లు. ఆ చూపులకు ఆమెకు చెప్పలేనంత భయం వేసింది.

అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు హోర్డింగుల మీద బొమ్మలు వేసేవాడు. మూర్ఛ పట్టుకున్నాక నిచ్చెన దిగి, మాత్రలు మింగుతూ, కింద రంగులు కలుపుకుంటూ బతుకుతున్నాడు. ఆమె ఫోన్ చేసింది. అవతల గాలి హోరున వీస్తోంది.

"మాత్రలు ఆపేశానక్కా. కొత్త మందు పట్టాలంటే పాతది ఒంట్లో ఉండకూడదంట కదా. ఆపి ఇన్ని రోజులైనా ఏమీ కాలేదు. ఓనరు కూడా పేపరు చూసి, ఇంకేం భయంరా అని పైకెక్కించాడు."

"ఒరేయ్, అది ఎలుకలకి రా. మనుషులకి ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ముందు కిందికి దిగు."

వాడు నవ్వాడు. "నీకెప్పుడూ ఇంతే. ఫస్టు వచ్చినా పాసయ్యాననే చెప్పేదానివి. అంత పెద్ద అక్షరాలతో వేశాక కూడా తగ్గించి చెప్తావేంటక్కా."

ఆమె ఏనాడూ గొప్పలు చెప్పుకోలేదు. అందుకే ఇప్పుడు ఆమె నిజం చెబితే తమ్ముడు నమ్మడం లేదు. బతిమాలింది. ఒట్టు వేసింది. చివరికి ఏడ్చేసింది. అక్క ఏడుపు విన్నాక గాని వాడు మెత్తబడలేదు.

"సరే, ఏడవకు. దిగుతున్నానక్కా."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"దిగుతున్నానక్కా," అన్నాడు మళ్లీ. కాస్త ఆగి, మొద్దుబారిన గొంతుతో, "దిగుతున్నానక్కా."

మూర్ఛ ముంచుకొచ్చేటప్పుడు వాడి మాట అక్కడక్కడే తిరుగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె వాణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలిచింది. ఫోన్లో గాలి తప్ప ఇంకేమీ వినిపించలేదు.