రాతిగిన్నె వేడి

క్యారెట్టు సన్నగా తరగాలి. సోయా మొలకలు ఉడికించి నీళ్ళు పిండాలి. జాడీలో కిమ్చీ, అదే కొరియా క్యాబేజీ పచ్చడి, అడుగుది పైకి తిప్పాలి. రాతిగిన్నెలు బియ్యం కడుగుతో తోమాలి, సబ్బు తగలకూడదు. ఇవన్నీ అయ్యాక, మధ్యాహ్నం రద్దీ తగ్గగానే, కళావతి ఆంటీని రెండో నంబరు బల్ల దగ్గర కూర్చోబెట్టాలి.

ఆ చివరి పని క్లారా తనకు తాను పెట్టుకున్నది. నర్సింగు ఆఖరి పరీక్ష నిన్ననే అయింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. పారమట్టాలోని ఈ కొరియన్ హోటల్లో ప్లేట్లు అందిస్తూ చదువుకున్నన్నాళ్ళూ తనకు వేళకింత అన్నం పెట్టింది ఆంటీయే. ఎప్పుడో ఫిజీ వదిలి వచ్చేసి, ఈ హోటలు వంటింట్లో గిన్నెలు తోమే ముసలి తెలుగు మనిషి. ఉబ్బిన వేళ్ళు, మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలు. చేరిన కొత్తలో క్లారా రాతిగిన్నెల్ని సబ్బునీళ్ళలో నానబెట్టేసింది. రాయి సబ్బు పీల్చుకుని ఆ పూట అన్నమంతా నురగ కంపు. ఓనరు అరిస్తే, "నేనే చేసినాను" అని ముందుకొచ్చింది ఆంటీ.

ఏళ్ళ తరబడి ఆంటీ ఆ గిన్నెలు తోమింది గానీ, ఏనాడూ ముందు హాల్లో కూర్చుని వాటిలో తినలేదు. వెనక నిలబడి, అంటుకున్న మాడు గీకి, వేడినీళ్ళు పోసుకుని తాగేది.

"ఇవ్వాళ మీరు కస్టమరు ఆంటీ. ఆర్డర్ చెప్పండి."

"పోవే పిల్లా! సింకులో గిన్నెలు నీ మొగుడొచ్చి తోముతాడా?"

"లేని మొగుడు ఎలా తోముతాడు? నేను తోముతా. ముందు కూర్చోండి."

ఆంటీ నవ్వుతూ ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది. పరాయింటికి వచ్చినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "గుడ్డు పచ్చిగా వద్దు బేటీ" అంది.

అన్నం, చుట్టూ కూరలు, పైన వేయించిన గుడ్డు, ఎర్రటి కారం ముద్ద. చిటపటలాడే గిన్నెను చెక్కపళ్ళెంలో తెచ్చేసరికి, ఆంటీ గోడకు తల ఆన్చి కళ్ళు మూసుకుని ఉంది.

"ఆంటీ, లేవండి. వేడి మీదే కలపాలి."

భుజం తట్టింది. ఆ తర్వాత, క్లాసులో నేర్పినట్టే, మెడ మీద రెండు వేళ్ళు పెట్టి నాడి చూసింది. నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కింది. అంబులెన్సు వాళ్ళు వచ్చి మెల్లగా తన చేతులు తప్పించేదాకా నొక్కుతూనే ఉంది.

వాళ్ళు ఆంటీని తీసుకెళ్ళాక కూడా రెండో బల్ల మీద ఆ గిన్నె గోరువెచ్చగానే ఉంది. అడుగున మాడు కట్టింది. మీరెప్పుడైనా అలాంటి గిన్నె ముందు కూర్చుంటే, చెంచా పెట్టి కలపబోయే ముందు, కళావతిని ఒక్కసారి తలచుకోండి.