దారిలో జారిన స్టెంటు

ఆస్పత్రిలో లోపలి గదికి వెళ్తూ బస్సు డ్రైవరు భార్యతో అన్న మాట ఒక్కటే. "సూది పోటంత పని. నువ్వు టీ తాగి వచ్చేలోగా బయటుంటా."

ఆమె టీకి వెళ్లలేదు. అత్తగారికీ తనకూ మధ్య సంచీ పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. వాళ్లిద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. కూరలో కారం ఎక్కువైందన్న కబురు కూడా డ్రైవరు నోటి మీదుగానే నడిచేది.

తలుపు తెరుచుకుంది. గుండె డాక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, పూడిపోయిన రక్తనాళంలో పెట్టాల్సిన స్టెంటు, అదే, చిన్న స్ప్రింగులాంటిది, దారిలోనే జారి ఇరుక్కుంది. లాగి చూశాను, రాలేదు. గుండెకి రక్తం అందట్లేదు. ఛాతీ తెరిచి తియ్యాలి, ఇప్పుడే."

"సూది పోటన్నారు కదండీ." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"అన్నాను. ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది. ఆపరేషన్ చేసే సర్జన్ సిద్ధంగా ఉన్నారు. మీరు ఊఁ అనాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చెయ్యమంటావని అడగడానికి ఉన్న ఒక్క మనిషీ లోపల ఆపరేషన్ బల్ల మీదే ఉన్నాడు. 

అత్తగారు లేచింది. "కొయ్యండి నాయనా. కోసి, వాణ్ణి ఈ పిల్లకి తెచ్చివ్వండి."

డాక్టరు పరుగున లోపలికి పోయాడు. అత్తగారు సంచీ కింద పెట్టి, కోడలి పక్కకు జరిగింది.

కాసేపటికి బయటికొచ్చిన నర్సు, గుండెను ఆపి, దాని పని మెషీనుకు అప్పగించారని చెప్పింది.

"ఆపారా?"

"మళ్లీ కొట్టుకునేలా చేస్తారమ్మా."

చేస్తారు సరే, అది మొరాయిస్తేనో? అత్తగారి చెయ్యి ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

పొద్దు వాలాక సర్జన్ వచ్చింది. "స్టెంటు తీసేశాం. కాలి నుంచి రక్తనాళం తీసి, అడ్డు దాటేలా గుండెకు కొత్త దారి వేశాం. గుండె తనంతట తానే కొట్టుకుంటోంది. గండం గడిచిందని మాత్రం ఇప్పుడే అనను."

మర్నాడు నోట్లోంచి ఊపిరి గొట్టం తీశాక డ్రైవరు కళ్లు తెరిచి, గరగరమనే గొంతుతో భార్యను అడిగాడు. "గుండె బాగుచెయ్యమంటే కాలు కోశారేంటే?"

"వాడి నోరు లేచిందే," అంది అత్తగారు, కోడలి వైపు తిరిగి.

కోడలు నవ్వబోయి భోరున ఏడ్చింది. ఏడుస్తూనే, మంచం పక్క తెరమీద ఎగిరిపడుతున్న పచ్చగీత మీంచి చూపు మరల్చలేదు.