దోరిలాకు నేను చేసిన పెళ్లి

ఎనభై ఆరేళ్ల మనిషికి నేను పెళ్లి చేశాను. కావాలని చేయలేదు. ఐదు వందల రికార్డు అట్టల మీద అచ్చయిపోయాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు.

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక కంపెనీలో పని చేస్తాను. విదేశాలవాళ్లు పాత పాటలను మళ్లీ రికార్డులుగా వేస్తుంటే వాటి అట్టలు మా దగ్గర తయారవుతాయి. అట్ట వెనక పాడినవాళ్ల గురించి ఒక పేజీ ఉంటుంది. కాలేజీలో స్పానిష్ సర్టిఫికెట్ కోర్సు చేశాను కాబట్టి క్యూబా గాయని దోరిలా పేజీ నాకిచ్చారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఇచ్చిన పనిలో తప్పు రాకూడదనే భయం నాకు ఎక్కువ.

పాటలు పన్నెండు, అన్నీ ఆమె కట్టినవే. నెల రోజులు వాషర్‌మెన్‌పేట్ నుంచి అంబత్తూరు వరకూ బస్సులో అవే విన్నాను. ఆ గొంతు ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. ఎవరినో మాత్రం చెప్పదు. అర్థం తెలిసినా తెలియకపోయినా దిగాల్సిన స్టాపు దాటిపోయేది.

నాకు అందిన కాగితాలు తక్కువ. పదహారేళ్లకు రేడియోలో పాడింది, పద్దెనిమిదికి హవానా చేరింది. పన్నెండేళ్లు దోరిలా మెసా అన్న పేరుతో రికార్డులు వచ్చాయి. డ్యాన్సు హాళ్లలో ఆ పేరు చెబితేనే జనం లేచేవాళ్లట. 1968 తర్వాతి రికార్డుల మీద దోరిలా కందేలా అని ఉంది. మెసా తండ్రి పేరని ఒక కాగితంలో దొరికింది. కందేలా ఎవరో ఎక్కడా లేదు.

నాకు సందేహమే రాలేదు. మా అక్క పెళ్లికి ముందు కె. కన్యక. కె అంటే మా నాయన కృష్ణస్వామి. పెళ్లయిన నెలకల్లా ఆధార్‌లో, బ్యాంకులో ఆర్. కన్యక అయింది. ఆర్ అంటే బావ రంగనాథం. మా వీధిలో ఆడవాళ్లందరిదీ అదే లెక్క. అందుకని, ‘1968లో కందేలా గారిని పెళ్లాడి ఆయన పేరుతో పాడసాగింది. పెళ్లి తర్వాత పాటల జోరు తగ్గింది’ అని రాసేశాను. ఆమెను అడగాలని తోచలేదు.

అచ్చయిన అట్ట ఫోటోను ఆమె మేనకోడలికి పంపాం. శుక్రవారం పొద్దున ఆరింటికి ఆ మేనకోడలే ఫోను చేసింది. సిగ్నల్ కోసం మేడ మీదికి పరుగెత్తాను.

“మా అత్త తన మొగుణ్ని ఒక్కసారి చూడాలంటోంది. మీ దగ్గర ఫోటో ఉందా?” అని నవ్వింది.

తర్వాత దోరిలా ఫోను తీసుకుంది. ఆమె నవ్వలేదు.

“అమ్మాయీ, కందేలా మా అమ్మ.”

వాళ్ల అమ్మ చుట్టలు చుట్టే కార్ఖానాలో పని చేసేదట. అక్కడ ఒకాయన ఎత్తు కుర్చీ మీద కూర్చుని రోజంతా పనివాళ్లకు పేపరు చదివి వినిపించేవాడు. ఆయన చదువుతుంటే ఎవరూ మాట్లాడకూడదు. అమ్మ మాత్రం పెదవులు విప్పకుండా, పక్కన కూర్చున్న కూతురికి తప్ప ఎవరికీ వినిపించకుండా కూనిరాగాలు తీసేది.

“ఆ రాగాలకు నేను మాటలు పెట్టాను, అంతే. అమ్మ పోయిన రోజు నా రికార్డులన్నీ తీసి చూశాను. అన్నిటి మీదా మెసా. మా నాన్న నా పాట ఒక్కటి కూడా వినలేదు.”

పేరు మార్చుకుంటే జనం గుర్తుపట్టరని అక్కడి రికార్డు కంపెనీవాళ్లు చెప్పారట. వాళ్లు చెప్పినట్టే జరిగింది. రేడియోవాళ్లు ఎవరో కొత్తమ్మాయి అనుకున్నారు. ఆరేళ్లలో రికార్డులు ఆగిపోయాయి.

“అయినా పాత పేరుకు తిరిగి పోలేదు. ఇప్పుడు నువ్వు మా అమ్మ పేరు తీసుకెళ్లి ఎవడో మగాడికి ఇచ్చావు.”

తప్పయిపోయింది అన్నాను. అట్టలు ఎప్పుడు బయలుదేరతాయని అడిగింది. సోమవారం అని చెప్పాను. ఫోను పెట్టేసింది.

బట్టలు ఆరేయడానికి వచ్చిన మా అమ్మ నా మొహం చూసింది. “ఏమే, పొద్దన్నే ఎవురితో ఏడస్తా ఉండావు?”

చెప్పాను.

“అయ్యో పాపం. ఒక మాట అడిగి రాయకూడదా?”

“కాగితంలో లేదుమా.”

“నేను యా కాగితంలో ఉండానే? గ్యాసు బుక్కులో మీ నాయన. నీ పేరు ముందర మీ నాయన. తంగమ్మంటే ఎవురని ఎవురైనా అడిగితే, మేడ మీద బట్టలారేసే ఆయమ్మని చెప్తావు, అంతేగా?”

ఆమె సరదాకే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆఫీసులో మా మేనేజరు ఫణీంద్ర గారు విజయవాడ మనిషి, మెత్తగా మాట్లాడతారు. “అచ్చయిపోయిందండీ. క్లయింటు కూడా ఓకే అన్నాడు. నెట్‌లో మార్చేద్దాం, సరేనా?”

“ఆమె చేతికొచ్చేది అట్ట, సార్.”

“మళ్లీ వెయ్యటం కుదరదండీ.”

“పెళ్లిపత్రికలో ముహూర్తం తప్పు పడితే చీటీ అంటిస్తారు కదా, సార్.”

“రికార్డు అట్టకి చీటీయా? ఐదొందలూ మీరే అంటిస్తారా ఏంటి?”

“అంటిస్తాను.”

ఆయన క్లయింటుకు మెయిలు పెట్టారు. సాయంత్రానికి సరేనని జవాబొచ్చింది. చీటీ మీద ఏం ఉండాలో దోరిలానే చెప్పాలని మేనకోడలికి రాశాను. తెల్లారేసరికి మూడు వాక్యాలు వచ్చాయి.

శనివారం చీటీలు ప్రింటు తీసుకుని ప్రెస్సుకు వెళితే కోటన్న ఒక్కడే ఉన్నాడు. అట్టలు మడిచే బల్ల ఆయనది. “ఏం సింధూరమ్మా, పెళ్లి రద్దు చేస్తా ఉండావంట?” అంటూ జిగురు డబ్బా ఇచ్చాడు. “పల్చగా పుయ్యి. మూలలు ముందర నొక్కు. అంచు ఓరంలో జిగురు కారిందంటే అట్ట వేస్టు.”

మొదటి ఇరవై వంకరగా వచ్చాయి. కోటన్న వాటిని తడిబట్టతో తీసి మళ్లీ అంటించాడు. పనిలో తోడుగా ఫోనులో దోరిలా పాటలు పెట్టాను. మధ్యాహ్నానికి సగం దాటాం.

“చీటీలో ఏముండాది?” అని అడిగాడు.

చదివి చెప్పాను. “కందేలా మా అమ్మ పేరు. ఆమె చుట్టలు చుట్టేది. ఈ రాగాలు ఆమెవి.”

కోటన్న తల ఊపాడు. ఇంకో పది అట్టలు అయ్యాక, “అయితే ఆ అమ్మ పాడింది పెట్టు, విందాం,” అన్నాడు.

“లేదన్నా. ఎవరూ రికార్డు చేయలేదు.”

“ఒకటి కూడానా?”

“ఒకటి కూడా.”

ఆయన ఇంకో అట్ట ముందుకు లాక్కున్నాడు. సాయంత్రం నాలుగున్నరకు చివరి అట్ట అయింది.

ఆదివారం పొద్దున నేనే దోరిలాకు ఫోను చేశాను. ఐదు వందలూ అయ్యాయని చెప్పాను. చీటీ తిన్నగా ఉందా అని అడిగింది. ఉందన్నాను. మీ భాషలో చదివి వినిపించు అంది. చదివాను. వింటూ, కందేలా అన్న మాట వచ్చినప్పుడు ‘ఊఁ’ అంది. ఇంకోసారి చదవమంది.

కోటన్న అడిగిన మాట నన్ను వదలడం లేదు. అడగొచ్చో లేదో అనుకుంటూనే అడిగాను. “మీ అమ్మగారు ఎలా పాడేవారు?”

అటు నుంచి కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. తర్వాత పెదవులు విప్పకుండా సన్నగా ఒక రాగం. నాకు తెలిసిన పన్నెండు పాటల్లో అది లేదు. రెండు వరుసలు సాగి ఆగిపోయింది.

“కాదు,” అంది దోరిలా. “ఇది నా గొంతే వినిపిస్తోంది. అమ్మది రావడం లేదు.”

ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

ఆమె ఊపిరి తీసుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.